‘ఊఁ’ జవాబు కాదు

"నిద్రలోనే పోయిందట. ఎంత పుణ్యాత్మురాలో!"

మా మేడం పోయిన మరునాడు పొద్దున్నుంచి ఈ మాట ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. కంఠేశ్వర్‌లో ఆమె క్లాసు కింద మందుల దుకాణం నడిపే ఆయన అన్నాడు. ఆటో దిగి మెట్లెక్కుతూ ఎవరో బంధువులావిడ అంది. ఫోను తెరిస్తే మస్కట్ నుంచి, దుబాయి నుంచి, సైప్రస్ నుంచి ఆమె దగ్గర చదువుకుని పోయినవాళ్లంతా అదే మాటను ఇంగ్లీషులో పెట్టారు. పీస్‌ఫుల్లీ ఇన్ హర్ స్లీప్. పక్కన జోడించిన చేతుల బొమ్మ, ఒక తెల్ల పువ్వు. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఒసే మొద్దుల్లారా, నిద్ర గురించి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నీ నేర్పిన మనిషి, ఆ ఒక్క మాట మాత్రం నేర్పనని మొండికేసింది కదే! చివరికి ఆమెకే తగిలించారా?

మేడం పేరు చెప్పను. ఉన్నప్పుడే ఆమెను పేరుతో పిలిచినవాళ్లు లేరు, ఇప్పుడెందుకు? కింద దుకాణాల వాళ్లకు టీచరమ్మ, మాకు మేడం. ముసలివాళ్లను చూసుకునే పనికి దేశం దాటి పోయే ఆడవాళ్లకు ఇంగ్లీషు నేర్పేది. నిజామాబాదులో ఇంగ్లీషు నేర్పే చోట్లకు కొదవ లేదు. అందరూ ‘హౌ ఆర్ యూ’తో మొదలుపెడతారు. ఈమె నిద్రతో మొదలుపెట్టేది.

"ముసలోళ్లు మెలకువతోని ఉన్నప్పుడు వాళ్ల మాట వాళ్లే మాట్లాడుకుంటరు," అనేది. "కన్ను మూసినంక వాళ్ల తరఫున మీరే మాట్లాడాలె. అందుకే ముందుగల్ల గవ్వే నేర్చుకోండ్రి."

మేం చాలామందిమి బీడీలు చేసే ఇళ్లనుంచి వచ్చినవాళ్లం. చదువు పేరు చెప్పి ఒక పూట పని మానితే ఇంట్లో ఊరుకునేవాళ్లు కాదు. అందుకని చాటలు వెంట తెచ్చుకునేవాళ్లం. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, నోట్లో ఇంగ్లీషు. ఇంకొకరైతే తరిమేసేవారు. మేడం మాత్రం "చేతులకు పనుంటే నోటికి భయముండది" అని కానిచ్చేది. ఆకు చుట్టి దారం కట్టేసరికి ఒక మాట అయిపోవాలి. డోజ్ ఆఫ్, దారం. నాడ్ ఆఫ్, దారం. అలా నడిచేది మా చదువు.

క్లాసు గదిని ఆనుకునే మేడం ఉండే గది. దాని పక్క గదిలో నర్సవ్వ అని ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఆమె ఏ దేశమూ పోయేది లేదు, అయినా తన చాట తెచ్చుకుని మా గడప మీద కూర్చునేది. "ఒక్కదాన్నే ఇంట్ల కూసుంటె పొద్దు పోతదా బిడ్డా? మీ లొల్లి ఇనుకుంట జేస్తె చెయ్యి ఉరుకుతది," అనేది. ఏళ్లకేళ్లు వినీ వినీ ఆమెకూ సగం ఇంగ్లీషు వచ్చేసింది. ఓసారి మీటరు చూడటానికి వచ్చిన కరెంటాయనతో "పగటిపూట రాకు నాయినా, అప్పుడు నేను డోజాఫ్ అయిత" అంది. ఆయన ఏదో రోగం అనుకుని "జల్ది దవఖానకు పో అవ్వా" అని జాలిపడి పోయాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. మేడం కూడా నవ్వింది. ఆమె నవ్వగా చూసిన సందర్భాలు తక్కువ, అందుకే గుర్తు.

మేడం మాటకు అర్థం చెప్పేది కాదు, చేసి చూపించేది. సన్నటి మనిషి, యాభైకి దగ్గర, ఎప్పుడూ నూలు చీర, ముక్కు మీదకు జారే కళ్లద్దాలు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తల గుండెల మీదకు వాల్చి, ఉలిక్కిపడి లేచి, "ఇది నాడ్ ఆఫ్. బస్సులల్ల అయ్యేది" అనేది. టీవీ చూస్తున్నట్టు కూర్చుని, కళ్లద్దాలు జారనిచ్చి, "ఇది డోజ్ ఆఫ్." చేతిలో సుద్దముక్క పట్టుకుని, వేళ్లు మెల్లగా వదులు చేసి, అది ఒళ్లోంచి నేల మీదకు దొర్లేదాకా ఆగి, "డ్రిఫ్ట్ ఆఫ్. చూసిన్రా? ఎప్పుడు పోయిందో పోయినోనికి గూడ తెల్వది." క్రాష్ అవుట్ అంటే చెరుకు బండ్ల లైనులో ట్రాలీ కింద దుప్పటైనా లేకుండా పడిపోయే ట్రాక్టర్ డ్రైవర్ నిద్ర. అవుట్ లైక్ ఎ లైట్ అంటే పడుకున్నవాడు దీపం ఆర్పినట్టు ఆరిపోవటం. అది చెప్పిన రోజు నిజంగానే కరెంటు పోయింది. "గిదే, గిదే!" అని అందరం అరిచాం. హిట్ ద సాక్ దగ్గర మాత్రం ఒక క్షణం ఆగి, "బస్తా మీద ఒరుగుడు. మా బాపు నిజంగనే ఒరిగెటోడు, చక్కెర బస్తాల మీద" అని, వెంటనే పక్క మాటకు పోయింది. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

మన మాటలు కూడా అడిగేది. "తెలుగుల లేవానే? చెప్పండ్రి." ఇంక మేం ఆగేవాళ్లమా! జోగుడు, తూగుడు, కునుకు, కోడికునుకు, మాగన్ను, కలత నిద్ర, గుర్రుపెట్టుడు. గడప మీదనుంచి నర్సవ్వ "కన్నంటుడు ఇడ్సిపెట్టిన్రు" అని గుర్తుచేసేది. ప్రతి మాటకూ ఇంగ్లీషులో జోడీ వెతికి బోర్డు మీద రాసేది మేడం. అదొక ఆటలా ఉండేది.

నాకు నోరు ఎక్కువ. చిన్నప్పటినుంచీ అంతే, మా అమ్మ "నీ నోరు కాదే, బోరు" అనేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఇన్ని మాటలు ఎందుకు మేడం? పండుకున్నడు అంటే సరిపోదా? స్లీపింగ్ సార్ అంటే ఆ దేశమోళ్లకు సమజ్ కాదా?"

మేడం సుద్దముక్క పక్కన పెట్టింది. కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. "రా, నా దగ్గరికి రా. నేను నువ్వు చూసుకునే ముసలామెను. నా కొడుకు ఫోన్ చేసిండు. అమ్మ ఎట్లున్నది అని అడుగుతుండు. చెప్పు."

"పండుకున్నరు."

"ఎట్ల తెలుసు?"

"ఊపిరి ఆడుతున్నది గద."

"ఊపిరాడితె నిద్రేనా? ఇంకేం చేస్తవ్?"

నేను భుజం తట్టి, "తిన్నరా మేడం?" అన్నాను. ఆమె "ఊఁ" అంది. నేను క్లాసు వైపు తిరిగి గెలిచినట్టు, "జవాబిచ్చిన్రు, నిద్రే!" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మేడం కళ్లు తెరిచింది. కోపం కాదు ఆ చూపులో, నేను ఏదో పెద్ద ప్రమాదం చేసి వచ్చినట్టు చూసింది.

"ఊఁ జవాబు కాదు," అంది. "మునిగిపోయేటోడు గూడ ఊఁ అంటడు. తిన్నవా అని అడగొద్దు, ఏం తిన్నవ్ అని అడుగు. పప్పో, చారో, పచ్చడో, నోరు తెర్సి పేరు చెప్పాలె. చెప్పినంకనే నిద్ర అను. అప్పటిదాక ఆ మాట నోట్లకెల్లి తియ్యకు."

బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసింది. ఇవతలి వైపు మేం ఆడుకున్న మాటలన్నీ. అవతలి వైపు డ్రౌజీ అని, పాస్డ్ అవుట్ అని, అన్‌రెస్పాన్సివ్ అని రాసింది. "ఇటుపక్క వాళ్లు వాపసొస్తరు. అటుపక్క వాళ్లను మీరు తీస్కరావాలె. రెండు పక్కల వాళ్లు చూస్తానికి ఒక్క తీరుగనే ఉంటరు." ఆ రోజునుంచి ఎవరు క్లాసుకు వచ్చినా ముందు ఒకరినొకరం "ఏం తిన్నవ్?" అని అడగాలని కాయిదా పెట్టింది. మన దగ్గర ‘తిన్నవా’ అంటే అది ప్రశ్న కాదు, నమస్తే లాంటిది. ‘ఊఁ’ అంటాం, కడుపు మాడుతున్నా అంటాం. పొద్దున్నుంచి ఛాయ్ తప్ప ఏమీ దిగని పిల్లలు ఆమె ముందు దొరికిపోయేవాళ్లు. చేతిసంచిలోంచి చిన్న కాగితం పొట్లం తీసి, అందులోని చక్కెర వాళ్ల నాలుక మీద పోసేది. ఆమెకు షుగర్ ఉండేది. గోలి వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది కదా, ఆ పొట్లం నిజానికి ఆమె కోసమే. సంచి మాత్రం ఎప్పుడూ క్లాసు గదిలో మేకుకు వేలాడుతుండేది.

ఆమె చదువు ఉత్త ఛాదస్తం అనుకునేవాళ్లు మాలోనే ఉన్నారు. కానీ ఓసారి మస్కట్‌నుంచి సుజాత వాయిస్ మెసేజ్ పంపింది. సుజాత మా బ్యాచ్‌దే, మా అందరికంటే ముందే పని దొరికి పోయింది. తను చూసుకునే ముసలామె మధ్యాహ్నం పడుకుంటే ఏం తిన్నావని అడిగిందట, ఆమె ‘ఊఁ’ అనేసి ఊరుకుందట. మళ్లీ అడిగింది, మళ్లీ ‘ఊఁ’. వెంటనే ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి "మేడం ఈజ్ నాట్ అస్లీప్" అని అరిచిందట. వాళ్లు పరుగెత్తుకొచ్చి ఆసుపత్రికి తీసుకుపోయారు, ముసలామె బతికింది. సుజాత ఆ కథ ఏడుస్తూ, నవ్వుతూ చెప్పింది. మేం ఎగిరి గంతులేశాం. మేడం ఒక్కతే నవ్వలేదు. ఫోను దగ్గరికి వంగి, "ఇప్పుడు ఏం తింటుందే ఆమె?" అని అడిగింది. అది రికార్డయిన మాట, అవతల సుజాత లేదు. అయినా కాసేపు జవాబు కోసం ఆగింది.

ఆ మాట నేర్పనని మొండికేసింది కూడా ఆ రోజుల్లోనే. బాల్కొండ వైపునుంచి వచ్చే లత అనే పిల్ల, తన అక్క పనిచేసే ఇంట్లో ముసలాయన పోతే ఆ కుటుంబానికి ఏమని చెప్పాలో తెలియక తికమక పడిందని, ఇంకొకావిడ ‘పీస్‌ఫుల్లీ ఇన్ హిజ్ స్లీప్’ అని రాసిచ్చిందని చెప్పి, "మంచిగున్నది గద మేడం, మాకు గూడ రాయించండ్రి" అంది.

మేడం మొహం నల్లబడింది. "నా క్లాసుల ఆ మాట లేదు."

"ఎందుకు మేడం? వాళ్లకు జర నిమ్మళంగ ఉంటది గద."

"నువ్వు ఆయన నిద్రలకు పోయొచ్చినవా? పీస్‌ఫుల్లీ ఉన్నదో, పిలుస్తుండెనో నీకేమెరుక?" గొంతు పెద్దదైపోయింది. "కావలి కూసున్నోళ్లు తమకు తాము చెప్పుకునే మాట అది. ఇంకెప్పుడు నా ముంగట అనకు!" లత బిక్కచచ్చిపోయింది. గడప మీద నర్సవ్వ చేతిలో బీడీ అలాగే ఆగిపోయింది. ఒక మాటకు ఇంత రాద్ధాంతమా, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అని నేను లోపల విసుక్కున్నాను.

ఎందుకో బోధన్ పోయిన రోజు తెలిసింది.

బోధన్‌లో కూడా క్లాసు పెట్టాలని ఆమెకు ఆలోచన వచ్చింది. గది చూడటానికి తోడు రమ్మంది. బస్సులో ఆమెతో కూర్చోవటం అంత శిక్ష ఇంకోటి లేదు. కళ్లు మూసినవాళ్లు కనబడితే చాలు, మెడ చాచి చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతున్నట్టు. మా ముందు సీటులో సరిహద్దు అవతలి ఊళ్లకు పోయే మరాఠీ ముసలాయన ఒకడు కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోతున్నాడు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు కదా, బస్సు ఎగిరెగిరి పడుతున్నా ఆయనకు పట్టలేదు. మేడం కాసేపు చూసింది. చేతులు నలుపుకుంది. ఇక ఆగలేక భుజం పట్టి కుదిపింది.

"బాబా, కాయ్ ఖాల్లం?"

ఆయన అదిరిపడి లేచాడు. ఏం తిన్నావని ఎవరో తెలియని ఆడమనిషి నిద్ర లేపి అడిగితే ఎవరికి మండదు? "పిఠ్లా భాకర్!" అని తను తిన్న శనగపిండి కూర, జొన్నరొట్టె పేరు గసిరి చెప్పి, నిద్ర చెడగొట్టినందుకు మరాఠీలో ఏవేవో శాపనార్థాలు పెట్టాడు. బస్సంతా మా వైపే చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం మాత్రం ఆ తిట్లు వింటూ నిమ్మళంగా సీటుకు ఆనుకుంది. "మంచిది, నోరు లేస్తున్నది," అంది.

గది చూడటం అయ్యాక చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీకి తీసుకుపోయింది. చిమ్నీ ఉంది, పొగ లేదు. ఎప్పుడో మూతపడిన ఫ్యాక్టరీ అది. గల్లీలో తను పెరిగిన ఇంటి ముందు ఆగింది. ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారట, తాళం వేసి ఉంది. ఆ తలుపు కొండిని వేలితో ముట్టుకుని చెప్పటం మొదలుపెట్టింది. ఎదురింటి అరుగు మీద నేను కూర్చున్నాను, ఆమె కూర్చోలేదు.

"మా గల్లీల ఒక కాయిదా ఉండేది. రాత్రి షిఫ్ట్ చేసొచ్చినోడు పగటిపూట పండుకుంటె, ఆ ఇంటి కొండికి తడి తువ్వాల ఏసెటోళ్లు. తువ్వాల కనవడ్డదంటె గల్లీ అంత గప్‌చుప్. గాజులామె ఒర్రకుండ పోయేది. రోలు చప్పుడు ఉండకపోయేది. పండుకున్నోని లేపుడంటె అన్నం ముంగటికెల్లి లేపినట్టే అని మా అమ్మ అనేది."

"మంచి కాయిదానే గదా మేడం," అన్నాను.

"మంచిదే. మస్తు మంచిది." కొండిని అటూ ఇటూ తిప్పింది. "ఫ్యాక్టరీల సగం మందిని ఇంటికి తోలిన్రు. అండ్ల మా బాపు ఒకడు. పని పోయింది గని ఆ షిఫ్ట్ ఒంట్లకెల్లి పోలే. రాత్రంత కూసుండెటోడు, పగలు పండుకునెటోడు. అమ్మ తువ్వాల ఏసుడు ఇడవలే. షిఫ్టే లేనోనికి తువ్వాలేందని గల్లీల ఒక్కలు నవ్వలే. ఎప్పటి లెక్కనే గప్‌చుప్‌గ ఉన్నరు. గంత మంచోళ్లు."

కొండిని వదిలేసి, తలుపు వైపే చూస్తూ మళ్లీ అందుకుంది.

"ఆ దినం అమ్మ కలుపుకు పోయింది. బాపు షుగర్ గోలి ఏసుకున్నడు, అన్నం మూత పెట్టిన, తిని పండుకుంటడు, లేపకు అని చెప్పి పోయింది. తువ్వాల నేనే తడిపి ఏసిన. డిగ్రీ పరీక్షలు నాకు, గడప మీద కూసుండి చదువుకుంటున్న. లోపలికి పోయి చూస్తె బాపుకు ఒళ్లంత చెమట. ఎండకాలమాయె, ఉక్కకనుకున్న. ఇసనకర్ర తెచ్చి ఇసిరిన. తిన్నవా బాపూ అన్న. ఊఁ అన్నడు. మల్ల ఇసిరిన. పక్కింటామె చల్ల పట్టుకొని వచ్చింది, తువ్వాల చూసి ఆగింది. పొమ్మని నేనే చెయ్యి ఊపిన." నా వైపు తిరిగింది. "ఎంత మంచిగ కావలి కాసిననో తెలుసానే? ఈగను గూడ వాలనియ్యలే."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ బోర్డు మీది గీత ఎక్కడిదో.

"పొద్దుగూకినంక అమ్మ వచ్చింది. బాపును ముట్టుకొని చూసింది. తర్వాత పోయి అన్నం గిన్నె మూత తీసింది. ఎట్ల పెట్టింది గట్లనే ఉన్నది. నా మొకం చూసింది. ఒక్క మాట అనలే. ఆ గిన్నె కడిగి బోర్లేసింది. గల్లీ అంత వచ్చి, నిద్రల పోయిండు, పుణ్యాత్ముడు అన్నరు. అమ్మ బతికున్నన్ని దినాలు ఆ ముచ్చట తియ్యలే. నీ వల్లనే పోయిండు అని తిట్టినా బాగుండు. నీ తప్పు లేదు బిడ్డా అన్నా బాగుండు. రెండిట్ల ఏదో ఒకటి అంటె నాకింత కన్నంటేది."

నేను ఏదో ఒకటి అని ఉండాల్సింది. ఆమెకు ఇక ఎవరి మాటా పనికిరాదనిపించింది. వాపసు వచ్చేటప్పుడు బస్సులో నేను కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను. కాసేపటికి భుజం మీద చెయ్యి పడింది. "ఏం తిన్నవే పొద్దుగాల?" "అటుకులు మేడం, ఎల్లిపాయకారం ఏసుకొని," అన్నాను. నిజానికి నేను నిద్రపోలేదు. ఆమె అడగాలనే కళ్లు మూసుకున్నాను.

నేను ఏ దేశమూ పోలేదు. ఇక్కడే, కంఠేశ్వర్‌లోని ఇళ్లల్లో ముసలివాళ్లను చూసుకుంటున్నాను. ఏం తిన్నవ్ తాతా, ఏం తిన్నవ్ అవ్వా అని అడుగుతూనే ఉన్నాను. నేను చూసుకునే ఒకాయన నాకు ఆకలి ఎక్కువనుకుంటాడు పాపం.

మొన్న మేడం పోయింది. మధ్యాహ్నం తన గదిలో పడుకుంది, సాయంత్రం బ్యాచ్ పిల్లలు వచ్చి చూసేసరికి ప్రాణం లేదు. ఏమైందో నికరంగా ఎవరికీ తెలియదు. మరునాడు ఎండెక్కేలోపు బోధన్‌నుంచి తమ్ముడు, బంధువులు వచ్చి తీసుకుపోయారు. వాళ్లంతా అటు పోయాక ఇల్లు కడగాలి కదా, నేనూ నర్సవ్వా మిగిలాం. అవ్వ గడప మీద కూలబడింది. చేతిలో చాట లేదు. చాట లేని నర్సవ్వను అంతకుముందు ఎన్నడూ చూడలేదు నేను.

లోపల పొయ్యిగట్టు మీద ఒక పళ్లెం, దాని మీద ఇంకో పళ్లెం బోర్లించి ఉంది. మూత తీశాను. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. ముట్టుకున్న జాడ లేదు. క్లాసు గదిలో మేకుకు చేతిసంచి వేలాడుతోంది, అందులో చక్కెర పొట్లం ఉంటుందని నాకు తెలుసు. మంచానికీ మేకుకూ మధ్య ఒక గోడే. మూత మళ్లీ పెట్టాను.

వెనకనుంచి నర్సవ్వ గొంతు వినిపించింది.

"బిడ్డా, నీకొక్క మాట సెప్పాలె. ఎవ్వలకు సెప్పలే."

నేను తిరిగి గట్టుకు వీపు ఆనించి నిలబడ్డాను. పళ్లెం నా వెనక ఉంది.

"నిన్న పగటిపూట నేనొచ్చిన. తలుపు దగ్గరికేసి ఉన్నది. పండుకున్నది. ఎన్నడన్న సూసినమా, మీ మేడం పగలు పండుకునుడు? అబ్బ, ఇన్నేండ్లకు కన్నంటిందని సంబురపడ్డ. మొకం మీద చెమట పట్టింది, ఫ్యాను పెంచిన. తిన్నవా టీచరమ్మా అన్న. ఊఁ అన్నది." కొంగుతో మొహం ఒత్తుకుంది. "మెట్ల మీద పోరగాండ్లు ఆడుతుంటె గెదిమిన. సప్పుడు జెయ్యనియ్యలే. దర్వాజ దగ్గర కూసుండి శానసేపు కావలున్న."

చెమట సంగతి, విసనకర్ర సంగతి మేడం నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నర్సవ్వకు తెలియదు. కానీ ‘ఊఁ’ సంగతి ఆమె ఏళ్ల తరబడి ఆ గడప మీదే విన్నది.

"మీకు సెప్తుంటె ఇన్న గద బిడ్డా నేను. ఊఁ జవాబు కాదని. ఇన్నదాన్నే. గని మేడమాయె, పెద్ద మనిషాయె. ఆమెనెట్ల కుదిపి లేపుదు? మల్లొక్కసారి అడుగుదమనుకున్న, నిద్ర సెడగొట్టుడెందుకని ఊకున్న." తలెత్తి నా మొహంలోకి చూసింది. "నేను లేపాల్నుండెనా? లేపితె బతుకునా? నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు."

ఆ చూపు నాకు తెలిసిన చూపే. అలాంటి ఒక చూపు ముందు మేడం వాళ్లమ్మ నోరు మెదపలేదు, గిన్నె కడిగి బోర్లించింది. ఆ మౌనమే మేడంను నిద్ర పోనివ్వలేదు. నేను కూడా ఊరుకుంటే నర్సవ్వకు ఇంకెన్ని రోజులున్నాయో అన్ని రోజులూ గోడ అవతలి ‘ఊఁ’ వింటూనే ఉంటుంది. నిజం చెబుదామా అంటే నాకు మాత్రం నిజమేదో తెలుసా? నా వెనక ముట్టని పళ్లెం ఉంది, అంతే తెలుసు. ఒకవైపు మేడం నేర్పిన చదువు, ఒకవైపు ఈ ముసలి మొహం. మేడం ఎదురుగా కుర్చీలో కూర్చుని "ఎట్ల తెలుసు?" అని అడుగుతున్నట్టే ఉంది.

"లేదవ్వా," అన్నాను. "నిద్రే అది. మంచి నిద్ర. మేడంకు ఏ బాధా కాలే."

"నిజంగనా?"

"నిజంగనే అవ్వా. నిద్రలనే పోయింది."

ఆ మాటే. నేర్పనని మొండికేసిన మాట, పొద్దున అందరినీ తిట్టుకున్న మాట, తెలుగులో నా నోటితోనే అనేశాను. నర్సవ్వ భోరుమంది. ఏడ్చి ఏడ్చి, తేలికపడి, "పెట్టి పుట్టింది తల్లి" అంటూ బకెట్టు కోసం లేచి పోయింది. ఆమె అటు పోగానే నేను పళ్లెంలోది వెనకవైపు గోడ మీద కాకులకు వేశాను. పళ్లెం తోమి కడిగి బోర్లించాను. మేడంకు ద్రోహం చేశానో, ఆమెకు ఎవరూ చెప్పని మాట ఇంకొకరికి చెప్పానో నాకు ఇప్పటికీ తేలలేదు. కంటి మీద కునుకు లేదు అంటారు కదా, ఆ మాటకు ఇంగ్లీషులో ఏమంటారో మేడం ఎన్నడూ చెప్పలేదు.

గదులు కడిగాం. మేకునుంచి చేతిసంచి తీసి తమ్ముడికి ఇవ్వటానికి పక్కన పెట్టాం. మెట్లు దిగబోతుంటే నర్సవ్వ నా చెయ్యి పట్టుకుంది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు నేను.

"తిన్నవా బిడ్డా?" అంది.

"ఊఁ," అన్నాను.